ఖాళీ సీటు బండి

ఫ్యాక్టరీలో మా ఆయన్ని "సార్" అని పిలవడం నాకు భలే ఇష్టంగా ఉండేది. ఇంట్లో చంద్రా అని పిలిచే మనిషిని, గేటు దాటగానే "సార్, ల్యాబులో ఫ్యాను తిరగడం లేదు" అని పిలవడం, నవ్వు కనబడకుండా ఆయన అటు తిరిగి స్క్రూడ్రైవరు వెతుక్కోవడం! పెళ్ళయిన కొత్తలో ఇంతకంటే సరదా ఏముంటుంది?

రెండువేల నాలుగు శ్రావణంలో మా పెళ్ళి జరిగింది. నాది కుప్పం, ఆయనది మదనపల్లె. ఇద్దరికీ మధ్యన ఉన్నట్టు పుంగనూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆ గది కిటికీ దగ్గరికి పొద్దున్నే ఇంటివాళ్ళ పొట్టి ఆవు వచ్చి నిలబడేది. పుంగనూరు ఆవు కదా, దాని మూతి సరిగ్గా కిటికీ గట్టు ఎత్తుకు వచ్చేది. కుడితి ఇస్తే తాగి, నా గాజుల చెయ్యి నాకి వెళ్ళేది. ఆ గరుకు నాలుక కోసమే నేను అలారం లేకుండా లేచేదాన్ని.

ఊరి బయట మామిడి, టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను ల్యాబు అసిస్టెంటుని, మునిచంద్ర మెయింటెనెన్సులో. మమ్మల్ని కలిపింది మా అమ్మ తమ్ముడు సిద్దప్ప మామ. శాంతిపురం మనిషి. వయసులో ఉన్నప్పుడు అక్కడి గ్రానైటు క్వారీల్లో బండ్లు తోలాడు. ఈ ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఇక్కడ లిఫ్టు బండి డ్రైవరు. సంబంధం చెప్పడానికి కుప్పం వచ్చినప్పుడు మా అమ్మ చెంగమ్మతో ఆయన అన్నది ఒకే మాట: "మా బండి బాగుసేసే పిల్లోడు అక్కా. గ్రీసు పనంతా సేసి, చేతులు సబ్బుతో కడుక్కోని, కూసోని అన్నం తింటాడు." మా అమ్మకు అది చాలింది. నాకు ఫోటో చాలింది.

లిఫ్టు బండి అంటే ముందు రెండు ఇనుప నాలుకలతో డ్రమ్ముల బరువును ఎత్తి, మోసి, దించే బండి. తినే సరుకున్న చోట డీజిలు పొగ పనికిరాదని మా దగ్గర బ్యాటరీ బండి ఉండేది. చప్పుడు లేకుండా పోయేది. ముందు ఎత్తే బరువుకు తూకంగా వెనక పెద్ద ఇనుప దిమ్మె. మామ దానికి గౌరి అని పేరు పెట్టుకున్నాడు. ఎడమకాలు బండి బయటికి వేలాడేసి, కుడికాలుతోనే పని నడుపుతూ, ఏనుగు మీద మావటిలా తిరిగేవాడు.

"అన్నా, కాలు లోపల పెట్టు," అనేవాడు చంద్ర రోజూ.

"కాలికి గాలి తగలాల కదప్పా," అనేవాడు మామ రోజూ.

అన్నా అనడం చంద్రకు పెళ్ళికి ముందు అలవాటు. పెళ్ళయ్యాక మామ వరసకు పెదనాయన అయ్యాడు. పిలుపు మార్చుకోలేక చంద్ర "అన్... పెద..." అని మధ్యలో ఆగిపోతే, టమోటాలు ఏరే ఆడవాళ్ళ మేస్త్రి తాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "ఏమని పిలిస్తే ఏం సారూ, పలికితే సాలదా!"

ఆ ఏడు ఆయుధపూజకు ముందురోజు మేము మదనపల్లెకు మా అత్తగారింటికి వెళ్ళాం. పెళ్ళయ్యాక మొదటి దసరా. వెళ్ళే ముందు చంద్ర మామకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "బండిని కడగొద్దు. తడిగుడ్డతో తుడిసి బొట్టు పెట్టు, సాలు." మామ తల ఊపాడు.

పూజనాడు పొద్దున మదనపల్లె నుంచి బస్సులో వస్తుంటే మార్కెట్ యార్డు దగ్గర టమోటా లారీలన్నీ చామంతి దండలు వేసుకుని నిలబడి ఉన్నాయి. ప్రతి చక్రం కింద ఒక నిమ్మకాయ. నాకు ఆ చక్రాలన్నీ నోట్లో ఉసిరికాయ పెట్టుకున్న పిల్లల్లా కనబడ్డాయి. చంద్రతో చెప్తే, "నీకు అన్నీ తినే వస్తువులే కనబడతాయి," అన్నాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి యార్డంతా తడిగా ఉంది.

చంద్ర అడుగు ఆగిపోయింది. "నీళ్ళు ఎవరు పోసినారు?"

ఎవరూ చెప్పక్కర్లేదు. గౌరి యార్డు మధ్యలో మెరుస్తూ ఉంది. మెడలో బంతిపూల దండ, వెనక దిమ్మె మీద మూడు నామాలు, నాలుకలకు పసుపు. పైపుతో లోపలా బయటా కడిగేసి మామ పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. పూజారి కొబ్బరికాయ కొట్టేశాడు. నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టేశారు.

"అన్నా, ఆగు! తోలొద్దు!" అని చంద్ర పరిగెత్తాడు. మేళం మోతలో ఆ కేక ఎవరికీ వినబడలేదు. నాలుగు నిమ్మకాయలూ చిట్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఏటా చేసినట్టే మామ బండిని కోల్డు రూము దాకా తీసుకుపోయి హారతి చూపించి వెనక్కి తేవాలి. కోల్డు రూము యార్డు కంటే ఎత్తులో ఉంటుంది. బండి పోవడానికి సిమెంటు ర్యాంపు ఒక్కటే దారి. రెండు పక్కలా గోడలు, బండికి అటూ ఇటూ మూరెడు సందు. గౌరి ముఖం పైకి పెట్టి చప్పుడు లేకుండా ఎక్కింది. సగం ర్యాంపులో టక్కుమని ఆగింది.

మామ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. పొగ రాలేదు, చప్పుడు రాలేదు. ఏదో కాలిన వాసన మాత్రం సాంబ్రాణి వాసనలో కలిసి కిందికి వచ్చింది.

మేళం ఆగిపోయింది. అప్పుడు నాకు మామ ముఖం కనబడింది. ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు మగవాళ్ళు పెట్టే ముఖం అది. ఏం చేయాలో తెలీక చేతులు ఖాళీగా ఉన్న ముఖం.

చంద్ర ఎక్కి బ్యాటరీ ప్లగ్గు పీకేశాడు. చక్రాల కింద చెక్క అడ్డాలు తోశాడు. తర్వాత అడుగు రేకు ఎత్తి చూశాడు. లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"బండికి కరెంటు పంచే కంట్రోలరు పోయింది," అన్నాడు మెల్లగా. "బెంగళూరు నుంచి మనిషి రావాల."

మేనేజరు సుబ్రహ్మణ్యం గారు పైకీ కిందికీ చూశారు. చెన్నై ఓడకు పోవలసిన సరుకు ఆ తలుపు వెనకే ఉంది. కంటైనరు గేటు బయట నిలబడి ఉంది, సాయంత్రానికి బయల్దేరాలి. గౌరి ఆ ఒక్క దారికీ అడ్డంగా కూర్చుంది.

"ఎవురు కడిగింది?" అన్నారాయన.

"నేనే సామీ," అన్నాడు మామ, సీటులోంచే. "పూజనాడు కడగని బండి యాడన్నా ఉండాదా అనుకున్నా. నేనే నీళ్ళు పోసి సంపినా."

సుబ్రహ్మణ్యం గారు తన కారు వైపు ఒకసారి చూశారు. అది కూడా పొద్దున నిలువెల్లా కడిగించుకునే వచ్చింది.

"సరే, ట్రాక్టరు తెండి. మోకు కట్టి కిందికి లాగేయండి. అర్ధగంట పని."

అర్ధగంటలో ట్రాక్టరూ వచ్చింది, మోకూ వచ్చింది. యార్డులో మగవాళ్ళందరికీ లాగడం తెలుసు. ఆగిన లారీని, బురదలో దిగిన ట్రాలీని, బోరు బండిని ఎన్నిటిని లాగలేదు వాళ్ళు! నలుగురు మోకు పట్టుకుని హుషారుగా ర్యాంపు ఎక్కుతుంటే చంద్ర చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"తాడు లాగుతాది. ఆపదు," అన్నాడు. "ఇది గుంతలో దిగిన బండి కాదు, వాలు మీదుండే బండి. ఇప్పుడు దీన్ని పట్టుకోనుండేది లోపలి బ్రేకు. కరెంటు పోతానే స్ప్రింగు బిగిసి చక్రాన్ని పట్టేసింది. కదలాలంటే ఆ బ్రేకు నేను చేత్తో విప్పాల. విప్పితే ఇంక దీనికి బ్రేకు లేదు, స్టీరింగు తిరగదు. వట్టి ఇనుము. తాడు వదులైపోతాది, ఇది పోయి ట్రాక్టరు మీద పడతాది. మధ్యలో ఎవురుంటే వాళ్ళు పోతారు."

"మరి ఎట్ల?" అన్నారు సుబ్రహ్మణ్యం గారు.

"తాడు కాదు, కడ్డీ కావాల. రెండు బండ్ల మధ్యన వంగని కడ్డీ. కింద ట్రాక్టరు కాదు, దీనికన్నా బరువుండేది, బ్రేకులు గట్టిగా పట్టేది."

పక్కనే ఉన్న బోరు బండ్ల షెడ్డు నుంచి రెండు చివర్లా కన్నాలున్న లావుపాటి ఇనుప కడ్డీ తెచ్చారు. డ్రమ్ములు నింపుకుని గేటు దగ్గర ఉన్న మా లారీనే ర్యాంపు మొదట్లోకి వెనక్కి పెట్టించారు. డ్రైవరు మునిరాజ మొదటి గేరులో చీమ నడకన ఎట్లా దిగాలో చంద్ర దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు. గౌరి వెనక దిమ్మెకు లాగడానికే ఒక పిన్ను ఉంది. లారీ కొక్కేనికీ ఆ పిన్నుకూ మధ్య కడ్డీ బిగించారు. స్టీరింగు చక్రం తిరక్కుండా నైలాను తాడుతో నిటారుగా కట్టారు.

ఇంక బ్రేకు విప్పే స్పానరు కావాలి. అది పూజలో ఉంది.

మా వైపు ఆయుధపూజకు పెట్టిన పనిముట్టును సాయంత్రం దీపం పెట్టేదాకా ముట్టరు. స్పానర్లు, సుత్తులు, తాయమ్మ వాళ్ళ కత్తులు, మా ల్యాబులో గాజు గొట్టాలు, అన్నీ ఎర్రగుడ్డ మీద గంధం పూసుకుని కూర్చుని ఉన్నాయి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంద్ర చెప్పులు విడిచి, దండం పెట్టి, కుంకుమ బొట్టుతో ఉన్న పెద్ద స్పానరు తీసుకున్నాడు. తాయమ్మ, "పనికి పిలిస్తే ఆయుధం వొద్దంటాదా," అంది తనలో తాను అనుకున్నట్టు.

అన్నీ సిద్ధం. అప్పుడు చంద్ర పైకి చూసి, "అన్నా, దిగు ఇంక," అన్నాడు.

మామ దిగలేదు.

బండి ఆగినప్పటి నుంచి ఆయన సీటు దిగనే లేదని మాకు అప్పుడు తట్టింది. ఎడమకాలు ఎప్పటిలాగే బయటికి వేలాడుతోంది.

"నేను దిగను. నువ్వు బ్రేకు ఇప్పు. నేను కూసోనే వస్తా."

"కూర్చోని ఏం చేస్తావు? బ్రేకు లేదు, స్టీరింగు కట్టేసినా. నీ చేతిలో ఏమీ లేదు."

"సేసేదానికి కాదప్పా. ఉండేదానికి." మామ గొంతు పెద్దగా లేదు, కానీ యార్డంతా వినబడింది. "క్వారీలో మా పెద్దోళ్ళు సెప్పినారు. ఆగిపోయిన బండిని లాగేటప్పుడు దాని డ్రైవరు దాని మీదే ఉండాల. సీటు కాళీగా పోయే బండి, పాడె రెండూ ఒకటే. ఇరవై ఏండ్లు క్వారీలో ఒక్క బండి కూడా కాళీ సీటుతో పోలేదు. నేను పోనియ్యలేదు."

కొందరు పెద్దవాళ్ళు తలలు ఊపారు. నాకు ఆశ్చర్యం వేసింది, వాళ్ళకూ ఆ సంగతి తెలుసు. శాంతిపురం, వి.కోట వైపు నుంచి వచ్చినవాళ్ళందరికీ తెలుసు.

"ఎవురికన్నా దెబ్బ తగిలితే?" అన్నాడు చంద్ర.

"నాకే కదా. తగలనీ."

సుబ్రహ్మణ్యం గారు గడియారం చూసుకున్నారు. "కూర్చోనీ మునిచంద్రా. పది గజాల దూరం. ఏమవుతుంది? నువ్వు బ్రేకు తియ్యి."

చంద్ర స్పానరు వైపు చూశాడు. తర్వాత నా వైపు నడిచి వచ్చాడు. అంతమంది ముందు ఆయన నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. ల్యాబుకని వేసుకున్న నా తెల్లకోటు జేబులో ఆ స్పానరు పెట్టాడు.

"మీ మామ దిగినాక ఇయ్యి," అన్నాడు. మేనేజరు వైపు తిరిగి, "ఆ మనిషి సీటులో ఉండంగా నేను విప్పను సార్. నన్ను తీసేసినా సరే," అన్నాడు.

స్పానరు బరువుకు కోటు ఒక పక్కకు జారింది. కుంకుమ గుడ్డలోంచి బయటికి ఎర్రగా ఊరింది. ఇద్దరూ నా వాళ్ళే. ఒకరు కుప్పంలో మా ఇంటి పీటమీద కూర్చుని నన్ను ఇంకొకరికి ఇచ్చినవాడు. ర్యాంపు పక్క మెట్లెక్కి, గోడ మీద నుంచి మామ దగ్గరికి వెళ్ళాను.

దగ్గరగా చూస్తే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మామా, యాల ఇట్ల చేస్తాండావు?"

"పాపా, నువ్వు ఈడికి రాకూడదు. పో."

"చెప్తే పోతా."

ఆయన బండి దండలో ఒక బంతిపువ్వు తుంచి వేళ్ళతో నలిపాడు. "ఆయుధపూజనాడు నా చేత్తో నేనే బండిని సంపినా. ఇది శకునం కాదా? యాడికో ఒక తావుకు పోవాల ఈ కీడు. మీరిద్దరూ కొత్తగా పెళ్ళైనోళ్ళు, మొదటి దసరా. నువ్వు సూస్తా ఉండంగా కాళీ సీటు బండి నీ ముందర పోతే, ఆ కీడు యాడ పడతాది? ఆ పిల్లోని మీద పడితే? నేనే కదా తెచ్చి నీకు కట్టినా వాణ్ణి. నా మీద పడనీ. నాకేం, తినేటన్ని తిన్నా."

బి.ఎస్సీ చదివాను, శకునాలు లేవని వాదించగలను. కానీ అది వాదన కాదు. ఆయన ఆ ఇనుప బండి మీద కూర్చుని మా ఇద్దరికీ గొడుగు పడుతున్నాడు. గొడుగు పట్టే మనిషితో వాన రాదని ఎట్లా చెప్పను?

కింద తాయమ్మ గొంతు వినబడింది. "ఆ గుమ్మడికాయన్నా కొడదామా లేదా సామీ? ఎండకు మెత్తబడతాండాది!"

గేటు దగ్గర పూజ చివర్లో కొట్టడానికి పెట్టిన బూడిద గుమ్మడికాయ అది. ముఖాన పెద్ద కుంకుమ బొట్టు, రెండు పక్కలా కాటుక కళ్ళు. చిన్నప్పుడు మామే నాకు చెప్పాడు. పూర్వం మనిషిని ఇచ్చేవాళ్ళట, ఇప్పుడు మనిషి బదులు కాయ. అందుకే దానికి కళ్ళు పెడతాం, బొట్టు పెడతాం.

"మామా, గుమ్మడికాయను కూర్చోబెడదాం."

ఆయన నా వైపు చూశాడు.

"మనిషి బదులే కదా అది? నువ్వే చెప్పినావు. సీటు ఖాళీగా పోదు. నీ బదులు అది కూర్చోని వస్తాది."

మామ గేటు దగ్గరున్న కాయ వైపు చూశాడు. నేను నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. "కొట్టినాక అయితే పనికిరాదు," అన్నాడు. "ఇంకా కొట్టలేదు కదా. కొట్టని కాయకు పాణం ఉండాది." తలగుడ్డ తడుముకుని, "నా గుడ్డ కట్టాల దానికి. లేకపోతే ఎవురి బదులని తెలుస్తాది?"

తాయమ్మ గుమ్మడికాయను చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కి వచ్చింది. మామ తన తలగుడ్డ విప్పి దాని చుట్టూ చుట్టాడు, తన పంచె మీది కండువాతో సీటుకు కట్టాడు. మూడుసార్లు ముడి వేశాడు. తాయమ్మ దూరంగా జరిగి చూసింది.

"సిద్దప్పన్న కన్నా మొగం కళగా ఉండాది."

"గమ్మునుండు తాయమ్మా," అన్నాడు మామ. అయినా గుడ్డ కొస సరిచేశాడు. తర్వాత దిగాడు. దిగి, సీటు ముందు నిలబడి కాయకు దండం పెట్టాడు.

నేను స్పానరు చంద్రకు ఇచ్చాను.

ఆయన ఒక్కొక్కటీ గట్టిగా చెప్పి చేయించాడు. ర్యాంపులో ఎవరూ ఉండకూడదు. రెండు బండ్ల మధ్య ఎవరూ కాలు పెట్టకూడదు. కింద యార్డులో లారీకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. చెక్క అడ్డాలకు తాళ్ళు కట్టి గోడ మీద నుంచి లాగాలి, వంగి తీయకూడదు. తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. అప్పుడు అడుగు రేకు కింద చెయ్యి పెట్టి బ్రేకు బోల్టులు తిప్పి, ఒక్క గెంతులో గోడ మీదికి వచ్చేశాడు.

అడ్డాలు లాగారు.

గౌరి ఒక్క క్షణం ఏమీ చేయలేదు. తర్వాత ఢక్‌మని ఆ బరువంతా కడ్డీ మీదికి వచ్చింది. లారీ వెనక భాగం ఊగింది. మునిరాజ బ్రేకు పట్టుకున్నాడు. తాడు అయ్యుంటే అన్న ఆలోచన అందరికీ ఒకేసారి వచ్చినట్టుంది, మోకు పట్టుకొచ్చిన నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"రా... రా... మెల్లగా..." చంద్ర గోడ మీద నడుస్తూ చేత్తో సైగ చేస్తున్నాడు. లారీ మనిషి నడకలో సగం వేగంతో దిగుతోంది. గౌరి దాని వెనక. సీటులో గుమ్మడికాయ, మామ తలగుడ్డతో, ముందుకు చూస్తూ వస్తోంది. కొందరు ఆడవాళ్ళు కొంగు తల మీదికి కప్పుకున్నారు. నిజంగానే ఎవరో వస్తున్నట్టే ఉంది.

ర్యాంపు ఇంక కొంచెం ఉందనగా, పొద్దున కడిగిన నీళ్ళు నిలిచిన చోట, లారీ వెనక చక్రం ఒక పక్కకు జారింది. కడ్డీ మెలి తిరిగింది. నైలాను ముడి సడలి, స్టీరింగుతో తిరిగే గౌరి వెనక చక్రం వంకరయ్యింది. బండి మొత్తం పక్కకు ఒరిగి, ఎడమ వైపు మొత్తం గోడకు ఒరుసుకుంది. ఇనుము సిమెంటును గీరే చప్పుడు, తెల్లటి దుమ్ము.

"పట్టు! పట్టు!"

మునిరాజ పట్టాడు. కడ్డీ వంగలేదు. రెండు బండ్లూ అట్లాగే నిలబడిపోయాయి. చంద్ర అడ్డాలు మళ్ళీ వేయించి, ముడి బిగించి, చక్రం సరిచేయించి, మళ్ళీ మొదలుపెట్టించాడు. ఈసారి నేరుగా దిగింది. చదునుకు రాగానే అడ్డాలు వేసి, బ్రేకు బోల్టులు వెనక్కి తిప్పి, అప్పుడు కానీ లారీని విప్పనివ్వలేదు.

సుబ్రహ్మణ్యం గారు కంటైనరు కోసం గేటు వైపు పరిగెత్తారు.

మామ గౌరి దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఎడమ వైపు కాలు పెట్టుకునే మెట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంది. రంగు మొత్తం లేచి, దాని మీద సిమెంటు పొడి. గోడ మీద అంతే ఎత్తులో పొడుగ్గా గీత. మామ ఎప్పుడూ కాలు వేలాడేసే చోటు అది. సరిగ్గా మోకాలి కింద.

సీటులో గుమ్మడికాయకు గీత కూడా పడలేదు.

"కాయకు కాళ్ళు లేవు కాబట్టి సరిపోయింది," అంది తాయమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా.

మామ ఆ నొక్కును అరచేత్తో తడిమాడు. తర్వాత వంగి తన ఎడమ మోకాలు తడిమాడు. చంద్ర పక్కనే నిలబడి ఉన్నాడు. మామ అన్నాడు. "కాలు లోపల పెట్టు, కాలు లోపల పెట్టు అని రోజూ అరస్తాంటివి కదప్పా."

"పోనీలే పెదనాయనా," అన్నాడు చంద్ర. మొదటిసారి ఆ పిలుపు మధ్యలో ఆగకుండా వచ్చింది. ఆయనకే తెలీకుండా వచ్చింది.

గుమ్మడికాయ కొట్టే వేళయ్యింది. పూజారి పిలిచాడు. మామ ముడులు విప్పి దాన్ని ఎత్తుకున్నాడు, కానీ గేటు దగ్గరికి పోలేదు. "ఇంకోటి తెండి," అన్నాడు. "దీన్ని కొట్టేదానికి నాకు చెయ్యి రాదు." ఎవరో సైకిలు మీద సంతకు పోయి ఇంకోటి తెచ్చారు. దాన్ని కొట్టారు.

మరునాడు విజయదశమికి మేము కుప్పం వెళ్ళాలి, మామ శాంతిపురం. ముగ్గురం ఆ సాయంత్రమే బస్సెక్కాం. డ్రమ్ములను మనుషులే దొర్లించి ఎక్కించాక కంటైనరు మాకంటే ముందే వెళ్ళిపోయింది. నా తెల్లకోటును పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. జేబు మీద ఎర్రమరక నాలుగు వేళ్ళ వెడల్పున ఉంది. అది పోకూడదని అనిపించింది. చంద్ర భుజం నా భుజానికి తగులుతోంది. వి.కోట దాటాక గాలిలో చల్లదనం, ఎక్కడో మిరపకాయ బజ్జీల వాసన. అంత జరిగినా నాకు బజ్జీలు తినాలనిపించింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను. చంద్ర తనే కిటికీలోంచి చెయ్యి చాపి కొన్నాడు.

మా ముందు సీటులో మామ, పక్కన కిటికీ దగ్గర గుమ్మడికాయ, ఇంకా తలగుడ్డతోనే. కండక్టరు వచ్చాడు.

"ఏం పెద్దాయనా, కాయను సీటులో కూసోబెట్టినావే. మనుసులు నిలబడి ఉండారు. ఒళ్ళో పెట్టుకో."

"దానికీ టికెట్టు కొట్టప్పా."

"గుమ్మడికాయకా?"

"పొద్దున నా సీటులో అది కూసునింది. ఇప్పుడు నేను దాన్ని నిలబెట్టలేను."

కండక్టరు మా వైపు చూశాడు. మేమిద్దరం బజ్జీలు పట్టుకుని గంభీరంగా కూర్చున్నాం. అతను ఏమనుకున్నాడో, టికెట్టు కొట్టకుండానే ముందుకు పోయాడు.

శాంతిపురంలో బస్సు ఆగింది. మామ గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. బస్సు దిగేటప్పుడైనా గడప దాటేటప్పుడైనా ఎప్పుడూ కుడికాలు ముందు పెట్టే మనిషి. ఆ సాయంత్రం ఎడమకాలు ముందు కిందికి దించాడు. అది నేలకు ఆనిందో లేదో చూసుకుంటున్నట్టు ఒక్క క్షణం దాని మీద బరువు వేసి నిలబడ్డాడు. తర్వాత రెండో కాలు దించాడు.